మత్తు డాక్టరు కాపలా

2024 సెప్టెంబరులో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో ఒకావిడ 'అదుర్స్' సినిమా చూస్తుండగా డాక్టర్లు మెదడులో గడ్డ తీసేశారు. ఆ వార్త మీలో చాలామంది చూసే ఉంటారు. పేషెంట్ మెలకువగా ఉంటే చెయ్యి ఆడుతోందా, మాట తడబడుతోందా అని ఎప్పటికప్పుడు చూసుకోవచ్చు. మరి మూడేళ్ళ పిల్లాడైతే? ఏ సినిమా పెట్టినా కదలకుండా పడుకోడు కదా! పూర్తిగా మత్తు ఇవ్వాల్సిందే.

గుడివాకలంకలో ఉండే మా అక్క కొడుక్కి వచ్చే నెల వెన్నుపాము ఆపరేషన్. అందుకే తాడేపల్లిగూడెం హాస్టల్లో కూర్చుని ఇదంతా చదివాను. మత్తు డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి వెళ్ళిపోరు. ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉండి కాపలా కాస్తారు.

మొదటి కాపలా రక్తానికి. ఈ వయసు పిల్లలకి కిలో బరువుకి సుమారు 75 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. మావాడు 12 కిలోలు, అంటే మొత్తం 900. మనం క్యాంపులో ఒకసారి ఇచ్చే 350 మిల్లీలీటర్లు వాడి ఒంట్లో మూడో వంతు కంటే ఎక్కువ. అందుకే గుడ్డలు పీల్చుకున్న రక్తాన్ని కూడా లెక్కేస్తారు.

రెండోది ఊపిరికి. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడులో రక్తనాళాలు వెడల్పై పుర్రెలో ఒత్తిడి పెరుగుతుంది. మరీ తగ్గితే మెదడుకి రక్తం చాలదు. కాబట్టి మెదడు ఆపరేషన్లో వెంటిలేటర్ సెట్టింగ్ కూడా వైద్యమే.

మూడోది నరాలకి. తల మీద చిన్న కరెంటు పల్స్ ఇచ్చి, కాలి కండరం స్పందిస్తోందా అని స్క్రీన్ మీద చూస్తారు. మన భాషలో పింగ్ కొట్టడం అన్నమాట. కండరాలను వదులు చేసే మందు వేస్తే రిప్లై రాదు. మత్తు గ్యాస్ ఎక్కువైనా సిగ్నల్ బలహీనపడుతుంది. అందుకని చాలాసార్లు ప్రొపోఫాల్ అనే మందుని నరంలోకి కొద్దికొద్దిగా ఎక్కిస్తూ ఉంటారు.

ఇంట్లోవాళ్ళ కాపలా కడుపుకి. మామూలుగా అన్నం, ఆవుపాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్ళు 2 గంటల ముందు ఆపాలి. మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. అలాగని రాత్రంతా పస్తు పెట్టకూడదు, పిల్లలు నీరసించిపోతారు. తెల్లారి ఏలూరు స్టేషన్లో ఏడుస్తున్నాడని ఎవరో జాలిపడి బిస్కెట్ ఇస్తారు చూడండి, అసలు భయం అక్కడే. పెట్టేస్తే దాచకుండా చెప్పాలి. జలుబు, దగ్గు ఉన్నా అంతే. ఆపరేషన్ వాయిదా పడితే పడనీ.

అక్కకి ఈ టైములన్నీ వాట్సాప్‌లో పెట్టాను. కింద ఒక లైను కూడా రాశాను: "మీ డాక్టరు చెప్పిన టైమే ఫైనల్."