డ్రిల్ పట్టే ముందు లెక్క చూడండి!

ఖరీదైన సైకిళ్లను గమనించారా? బ్రేకు, గేరు కేబుళ్లు హ్యాండిల్ దగ్గర ఫ్రేమ్‌లోకి దూరి, మళ్లీ వెనక చక్రం దగ్గరే బయటపడతాయి. దీన్నే ఇంటర్నల్ కేబుల్ రూటింగ్ అంటారు. చూడ్డానికి నీటుగా ఉంటుంది, కేబుల్‌కి బురద తక్కువ అంటుతుంది. ‘మన సైకిల్‌కీ రెండు చిల్లులు పెడితే సరిపోదా?’ అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

బీటెక్ రెండో ఏడాదిలో నా అల్యూమినియం సైకిల్ కింది ట్యూబుకు, హ్యాండిల్ దగ్గరి వెల్డింగ్ పక్కనే డ్రిల్ చేశా. ఫొటోలు తీసుకుని మురిసిపోయా. తర్వాత ఆ సైకిల్ తమ్ముడి చేతికి వెళ్లింది. కొన్ని నెలలకు కడుగుతుంటే చిల్లు అంచున వెంట్రుకలాంటి గీత కనిపించింది. పెయింటేమో అని గోటితో గీకా. పోలేదు. అది పగులు! వాడు రోజూ దాని మీదే ఫ్లైఓవర్ దిగి కాలేజీకి వెళ్తున్నాడు. ఆ రోజే సైకిల్ మూలన పెట్టేశాం.

తప్పెక్కడ జరిగింది? నేను పరీక్షలో రాసి పాసైన పాఠంలోనే! లాగుతున్న వెడల్పాటి రేకులో చిన్న గుండ్రటి రంధ్రం ఉంటే, దాని అంచున స్ట్రెస్ మూడు రెట్లవుతుందని జర్మన్ ఇంజినీర్ కిర్ష్ 1898లోనే లెక్కగట్టాడు. నేనేమో ఎక్కువ బరువు పడే అతుకు దగ్గరే చిల్లు పెట్టా. పైగా స్టీల్‌కి ఓ హద్దు ఉంటుంది. దానికి లోబడిన లోడు ఎన్నిసార్లు పడినా దాదాపు తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న కుదుపులే పోగై పగులు తెస్తాయి.

అయితే అసలు చేయకూడదా? చేయొచ్చు, కానీ ఇలా:

ఏ ఫ్రేమ్?: మందపాటి ట్యూబులున్న పాత స్టీల్ ఫ్రేమ్ అయితేనే. కార్బన్‌ని ముట్టుకోవద్దు, దాని పోగులు తెగితే బలం పోతుంది. అల్యూమినియం సంగతి పైన చెప్పా. వారంటీ ఉంటే దాని మీద ఆశ వదులుకోండి.

ఎక్కడ?: పై ట్యూబు పక్క భాగంలో, అతుకులకు దూరంగా. ముందు తుక్కు ఫ్రేమ్ మీద ప్రాక్టీస్ చేయండి.

ఎలా?: పంచ్‌తో గుర్తు పెట్టి, 2 మి.మీ. బిట్‌తో మొదలుపెట్టి 6 మి.మీ.కు పెంచండి. బ్రేకు కేబుల్ పైతొడుగు 5 మి.మీ. ఉంటుంది. అది ఏటవాలుగా దూరేలా గుండ్రటి ఆకురాయితో రంధ్రాన్ని కోలగా సాగదీయండి. అంచుల్ని శాండ్‌పేపర్‌తో నున్నగా చేసి, తుప్పు పట్టకుండా ప్రైమర్ పూసి, రబ్బరు గ్రోమెట్ బిగించండి.

కేబుల్ లాగడం: దారానికి చిన్న స్పాంజి ముక్క కట్టి ఒక చిల్లులో వేయండి. రెండో చిల్లు దగ్గర వాక్యూమ్ క్లీనర్ పెడితే దారం దానంతటదే వచ్చేస్తుంది. దాంతో బ్రేకు తీగని, ఆ తీగ మీదుగా పైతొడుగుని లాగండి. పైతొడుగుని మధ్యలో కత్తిరించకండి. లోపల టకటకలాడకుండా ముందే స్పాంజి గొట్టం తొడగండి.

ఆ తర్వాత?: ఖాళీ స్థలంలో బ్రేకు గట్టిగా పట్టి చూశాకే రోడ్డెక్కండి. నెలకోసారి చిల్లుల అంచులు తుడిచి చూడండి. గీత కనిపిస్తే ఎం-సీల్ పూసి సర్దుకుపోవద్దు, తొక్కడం ఆపేయండి.

ఇంటర్వ్యూల్లో ‘సొంతంగా ఏం చేశావ్?’ అని అడిగితే నేను ఆ పగులు కథే చెప్తుంటా. తమ్ముడు మాత్రం ఇప్పుడు కేబుళ్లన్నీ బయటే కనిపించే సైకిల్ తొక్కుతున్నాడు. నన్ను దానిమీద చెయ్యి కూడా వేయనివ్వడు!