ఉపసంహరణ: ఒక పదం, మూడర్థాలు - ఆయుధ సంస్థల్లో వ్యక్తిగత పెట్టుబడుల ప్రశ్న

వ్యాససంగ్రహం: ఆయుధాలు తయారుచేసే సంస్థల నుండి సొంత పెట్టుబడిని వెనక్కి తీసుకోవడం పాశ్చాత్య దేశాల్లో చాలాకాలంగా చర్చనీయాంశం. 2018 తరువాత ఆ ప్రశ్న తెలుగు ప్రాంతానికీ సూటిగా వర్తిస్తున్నది. వేతనంపై జీవించే అధ్యాపకవర్గానికి ఈ విషయంలో ఉన్న స్వేచ్ఛ ఎంత, లేనిది ఎంత అన్నది ఈ వ్యాసంలో పరిశీలితం.

కీలకపదాలు: ఉపసంహరణ, రక్షణరంగ వాటాలు, సి.పి.ఎస్., సూచీ నిధులు, సత్థవణిజ్జ.

1. పదం

తెలుగు పత్రికల్లో ‘పెట్టుబడుల ఉపసంహరణ’ అనగానే పాఠకునికి స్ఫురించేది ప్రభుత్వరంగ సంస్థల వాటాల విక్రయమే. 2021 నుండి సాగిన విశాఖ ఉక్కు వివాదంతో ఆ అర్థం సామాన్యులకూ పరిచితమైంది. నైతిక కారణంతో ఒక వ్యక్తి తన వాటాలను వదులుకోవడానికి తెలుగులో వేరే మాట స్థిరపడలేదు. అక్కడా ఇదే మాట వాడవలసి వస్తున్నది. ఈ రెండింటికంటె ప్రాచీనమైన అర్థం మరొకటి ఉంది. అస్త్రవిద్యలో ప్రయోగం, ఉపసంహారం అని రెండు భాగాలు. సౌప్తికపర్వకథలో అర్జునుడు తాను విడిచిన అస్త్రాన్ని ఉపసంహరించగలిగాడు. అశ్వత్థామకు ప్రయోగం తెలుసు, ఉపసంహారం చేతకాలేదు. అస్త్రాల సందర్భంలో వాడుకైన మాట వాటాల విపణి మీదుగా తిరిగి ఆయుధాల దగ్గరికే చేరింది.

2. వాటాలు ప్రజల చేతికి వచ్చిన తీరు

భారత్ డైనమిక్స్ లిమిటెడ్ 1970లో హైదరాబాదులో ఏర్పడింది. ఆకాశ్ క్షిపణులు, ట్యాంకు విధ్వంసక క్షిపణులు తయారుచేసే ఈ సంస్థకు విశాఖపట్నంలోనూ విభాగం ఉంది. వరుణాస్త్ర టార్పెడో తయారయ్యేది అక్కడే. 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ (మిధాని) క్షిపణులకు, విమానాలకు కావలసిన ప్రత్యేక లోహాలను అందిస్తుంది. 2018 మార్చిలో ఈ రెండు సంస్థల వాటాలను, హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాటాలతోపాటు, ప్రభుత్వం ప్రజలకు అమ్మజూపింది. భారత్ డైనమిక్స్ వాటా గరిష్ఠ ధర 428 రూపాయలు, మిధానిది 90. ఇవన్నీ ప్రభుత్వం తన వాటాను అమ్ముకున్న విక్రయాలు గనుక వచ్చిన సొమ్ము ఖజానాకు చేరింది. సంస్థలకు కొత్త మూలధనం సమకూరలేదు.

అంటే ప్రభుత్వం చేసిన ఉపసంహరణ వల్లనే పౌరుని ఉపసంహరణకు అవకాశం ఏర్పడింది. అంతకుముందు ఈ సంస్థలతో పౌరునికి ఉన్న ఆర్థిక సంబంధం పన్ను ఒక్కటే. మెక్సికో యుద్ధకాలంలో, 1846లో, పన్ను కట్టక ఒక రాత్రి చెరసాలలో గడిపిన థోరోకు ఎదురైన సమస్య అటువంటిది. పన్ను ఎగవేత శిక్షార్హమైన నేరం. వాటా అమ్మకం ఎవరి అనుమతీ అక్కరలేని చర్య. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం చర్చలో తరచు జరిగే పొరపాటు.

3. ఎంచుకోని యాజమాన్యం

నేరుగా వాటా కొన్నవాని విషయం సులభం. అసలు చిక్కు తెలియకుండా సంక్రమించే యాజమాన్యంలో ఉంది. భారత్ ఎలక్ట్రానిక్స్ ఇందుకు మంచి ఉదాహరణ. మచిలీపట్నంలో 1926లో మొదలై, పాఠశాలలకు, కళాశాలలకు ప్రయోగశాల పరికరాలు చేసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని ఈ సంస్థ 1983లో స్వీకరించింది. నేడు ఆ విభాగం సైన్యానికి రాత్రివేళ చూడగల పరికరాలను తయారుచేస్తున్నది. 2024 సెప్టెంబరులో భారత్ ఎలక్ట్రానిక్స్ నిఫ్టీ 50 సూచీలో చేరింది. ఆ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండులో నెలకు ఐదువందలు మదుపు చేసేవారందరూ, ఆ పేరు వినకపోయినా, ఆనాటినుండి ఆ సంస్థలో పాలుదారులే.

పింఛను ఇంకా జటిలం. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుండి ప్రభుత్వోద్యోగంలో చేరినవారు కాంట్రిబ్యూటరీ పింఛను పథకం (సి.పి.ఎస్.) పరిధిలోకి వస్తారు. పాయకరావుపేటలో పనిచేసే ఒక ప్రభుత్వ కళాశాల అధ్యాపకుని జీతం నుండి ప్రతి నెలా కోతపడే చందా పింఛను నిధి నిర్వాహకుల వద్దకు చేరుతుంది. అందులో పెద్దభాగం ప్రభుత్వ ఋణపత్రాల్లోకి, కొంత భాగం వాటాల్లోకి వెళుతుంది. ఏ సంస్థ వాటా కొనాలో నిర్ణయించేది నిర్వాహకులే, చందాదారుడు కాదు. వాటాలే వద్దనుకొని ఋణపత్రాలకే పరిమితమైనా, ప్రభుత్వానికిచ్చిన అప్పు రక్షణశాఖ పద్దుకు చేరదని చెప్పే వీలులేదు. పాత పింఛను విధానంలో ఈ ప్రశ్నే పుట్టదు. అక్కడ నిధి లేదు, ఖజానా నుండి చెల్లింపు మాత్రమే. సి.పి.ఎస్. రద్దు కోసం జరిగిన ఉద్యమాల్లో ప్రధానమైన వాదం వృద్ధాప్య భద్రత గురించి. అది న్యాయమే. కాని ‘మా సొమ్ము ఎక్కడుంది?’ అన్న ప్రశ్న కూడా అందులో ఇమిడే ఉంది.

4. రెండు వైపుల వాదాలు

అనకాపల్లి పక్కనున్న శంకరం, బొజ్జన్నకొండ ఈ ప్రాంతపు బౌద్ధవారసత్వానికి సాక్ష్యాలు. అంగుత్తరనికాయంలో ఉపాసకుడు చేయరాని ఐదు వర్తకాలలో మొదటిది సత్థవణిజ్జ, అనగా ఆయుధ వాణిజ్యం. తక్కినవి ప్రాణుల, మాంసపు, మద్యపు, విషపు వర్తకాలు. నిషేధం వర్తకానికే గాని వాటాదారునికి కాదని వాదింపవచ్చు. లాభంలో పాలు తీసుకొనేవాడు వర్తకుడు కాడా అన్నది దానికి ఎదురు ప్రశ్న.

ప్రతివాదం కూడా ఈ నేలమీదనే ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపైన, కాకినాడపైన బాంబులు వేశాయి. పాయకరావుపేట ఆ రెంటి నడుమ ఉన్న ఊరు. 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగింది విశాఖ తీరంలోనే. రక్షణ అవసరం లేదని ఈ తీరవాసులతో వాదించడం తేలిక కాదు. పైగా విశాఖ విభాగంలో పనిచేసేది ఇరుగుపొరుగు కుటుంబాల పిల్లలే.

కాబట్టి ‘ఆయుధం’ అన్న ఒక్క మాటతో గీత గీయడం కుదరదు. ఆ ఆయుధం ఎవరికి చేరుతున్నదన్నది మరింత నిలకడైన ప్రమాణం. నార్వే ప్రభుత్వ పింఛను నిధి తన జాబితా నుండి భారత్ ఎలక్ట్రానిక్స్‌ను తొలగించడానికి కారణం ఆ సంస్థ భారతసైన్యానికి చేసిన సరఫరాలు కావు, మయన్మారుకు చేసినవి. హైదరాబాదులో అదానీ, ఇజ్రాయెల్ సంస్థ ఎల్బిట్ కలిసి 2018 డిసెంబరులో డ్రోన్ల కర్మాగారం ప్రారంభించాయి. అదే ఎల్బిట్‌ను నార్వే నిధి 2009లోనే తొలగించింది. ఇజ్రాయెల్‌కు ఆయుధ ఎగుమతులు ఆపాలన్న పిటిషన్‌ను 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. విదేశాంగ విధానం న్యాయస్థానపు పరిధిలోనిది కాదన్నది అందులోని ప్రధానకారణం. కోర్టు తలుపు మూసుకున్నచోట మదుపరికి మిగిలింది తన ఖాతా మాత్రమే.

5. ఉపసంహరణ చేయగలిగినది

విపణిలో ఒకరు అమ్మిన వాటాను మరొకరు కొంటారు. సంస్థ ఆదాయంలో పైసా తగ్గదు. దాని ప్రధాన కొనుగోలుదారు ప్రభుత్వం. వియత్నాం యుద్ధకాలంలో, 1971లో, ఇద్దరు మెథడిస్టులు ఆయుధసంస్థలకు దూరంగా ఉండే పాక్స్ వరల్డ్ ఫండును స్థాపించారు. దానివల్ల ఏ ఆయుధ కర్మాగారమూ మూతపడలేదు. కాని అటువంటి మదుపు వీలవుతుందని తేలింది. భారతదేశంలో 2023లో సెబీ పర్యావరణ, సామాజిక ప్రమాణాల ఫండులకు ‘మినహాయింపు’ను ఒక వ్యూహంగా గుర్తించింది. చిత్రమేమంటే అదే ఏడాది కేవలం రక్షణరంగ వాటాలకే ఒక మ్యూచువల్ ఫండు కూడా మార్కెట్లోకి వచ్చింది.

ప్రతి ఫండు తన వద్దనున్న వాటాల జాబితాను నెలనెలా ప్రకటిస్తుంది. దానిని చదివి, కొనసాగాలో తప్పుకోవాలో నిర్ణయించుకోవడం మదుపరి చేతిలోని పని. సి.పి.ఎస్. చందాదారునికి ఆ జాబితా చదివే వీలుంది గాని తప్పుకొనే వీలు లేదు. ఆ అధికారాన్ని అడగవలసింది ఉద్యోగసంఘం ద్వారా, పింఛను నిధి నియంత్రణ సంస్థను.