తనంతట తాను కదలని రోబో

హోసూరు వాళ్లకు రోబో కొత్త కాదు. అశోక్ లేలాండ్, టీవీఎస్ నాలుగు దశాబ్దాలుగా నడుస్తున్న ఊరది. అదే కృష్ణగిరి జిల్లాలో, పోచంపల్లి దగ్గర 2021లో మొదలైన ఓలా స్కూటర్ల ఫ్యాక్టరీ రోబోల వరుసలకే పేరుపడింది. ప్రోగ్రాం ఎక్కిస్తే చాలు, షిఫ్టంతా అదే పని. అందుకే డాక్టరు “పేగు ఆపరేషన్ రోబోతో చేద్దాం” అనగానే ఇక్కడి మనిషికి గుండె జారుతుంది: మరి డాక్టరు ఏం చేస్తాడు?

అంతా ఆయనే చేస్తాడు. థియేటర్లోని రోబోకు సొంత బుద్ధి లేదు.

సర్జన్ రోగికి కాస్త దూరంగా, కన్సోల్ ముందు కూర్చుంటారు. వేళ్లు రింగుల్లో, పాదాలు పెడళ్ల మీద. పొట్ట లోపలి దృశ్యం పదింతల వరకు పెద్దదై, లోతుతో సహా కనిపిస్తుంది. పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బించి, 8 మిల్లీమీటర్ల పనిముట్లు లోపలికి పంపుతారు. ఆయన మణికట్టు ఎటు తిరిగితే అవీ అటే. చేతి వణుకును యంత్రం వడకట్టేస్తుంది. లోటూ ఉంది: చాలా మోడళ్లలో స్పర్శ తెలియదు. దారం ఎంత బిగిసిందో కంటితోనే పసిగట్టాలి, లేకపోతే పుటుక్కున తెగుతుంది.

ఈ హంగంతా అక్కరకొచ్చేది మలాశయం దగ్గర. కటి ఎముకల మధ్య, గరాటు అడుగులాంటి ఇరుకు అది; మగవాళ్లలో మరీనూ. క్యాన్సర్ గడ్డను చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా, ఆ పొర చిరగకుండా తీయాలని బ్రిటిష్ సర్జన్ బిల్ హీల్డ్ 1982లో చూపించారు. చిన్న రంధ్రాల్లోంచి చేసే మామూలు కీహోల్ ఆపరేషన్‌లో, వంగని కడ్డీలతో ఆ ఇరుకులో అది కష్టం. పైనున్న పెద్దపేగుకైతే ఇంత ఆర్భాటం అక్కర్లేదనే అనిపిస్తుంది.

లెక్కలేమంటున్నాయి? పది దేశాల్లో 471 మందిపై జరిగి, 2017లో వెలువడిన, రోబోనూ కీహోల్‌నూ పోల్చిన రోలార్ పరీక్షలో, మధ్యలో పొట్ట కోయాల్సిన అవసరం రోబోతో 8.1 శాతం మందికి, కీహోల్‌తో 12.2 శాతం మందికి వచ్చింది. ఆ తేడా రుజువుకు చాలలేదు. అయితే రోబో మీద చేయి తిరిగిన సర్జన్ల దగ్గర ప్రయోజనం ఉండవచ్చని తర్వాతి విశ్లేషణ సూచించింది. 2022లో వచ్చిన చైనా పరీక్షలో, కోత అంచున క్యాన్సర్ మిగిలిపోవడం కీహోల్‌తో 7.2 శాతం ఉంటే, రోబోతో 4 శాతమే.

హోసూరు నుంచి బెంగళూరు 40 కిలోమీటర్లే కాబట్టి చాలామంది అటే వెళ్తారు. ప్రభుత్వ ఆసుపత్రే కావాలంటే, చెన్నై ఓమందూరార్‌లో 2022 నుంచి రోబో సర్జరీ ఉంది. ఎక్కడికి వెళ్లినా మిషను ఏ కంపెనీదని అడగొద్దు. “దీంతో ఇలాంటి ఆపరేషన్లు మీరెన్ని చేశారు సార్?” అని అడగండి.