మీకు తెలుసా? రచ్చ గెలిచాకే ఇంట గెలిచిన కవయిత్రి

లాటిన్ అమెరికాకు తొలి సాహిత్య నోబెల్ తెచ్చింది ఓ బడిపంతులమ్మ. చిలీ కవయిత్రి గాబ్రియేలా మిస్త్రాల్ అసలు పేరు లుసీలా గొదోయ్. పదిహేనేళ్ల వయసులోనే పల్లె బడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 1920లో తెముకో బాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా వెళ్లినప్పుడు, కవిత్వం రాసే ఓ కుర్రాడు ఆమెను కలవడానికి వచ్చేవాడు. చదువుకోమని అతని చేతిలో రష్యన్ నవలలు పెట్టి పంపేవారు. ఆ కుర్రాడే పాబ్లో నెరూడా! 1971లో అతనికీ నోబెల్ వచ్చింది.

మిస్త్రాల్‌కు నోబెల్ వచ్చింది 1945లో. సొంత దేశం జాతీయ సాహిత్య బహుమతి ఇచ్చింది మాత్రం 1951లో. ఆరేళ్లు ఆలస్యం, చిన్న విషయమేం కాదు. అయినా దక్షిణ అమెరికాలో తన పుస్తకాల మీద వచ్చే రాబడిని, తాను పెరిగిన మోంతెగ్రాందె పల్లెలోని పిల్లలకే రాసిచ్చారు. ఇప్పుడు చిలీ 5,000 పెసోల నోటు మీద ఉన్నది ఆమె బొమ్మే.