మళ్లీ సైకిలెక్కుదాం... చూసి కొందాం!

చిన్నప్పుడు సీటు అందక బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కినవాళ్లే... ఉద్యోగం రాగానే సైకిల్ని వదిలేశారు. ఇప్పుడు నలభై, యాభై దాటాక మళ్లీ దానివైపు చూస్తున్నారు. అయితే దుకాణంలో కనిపించేవి మాత్రం పాత సైకిళ్లు కావు. వాటిలో మనకు నప్పేదేది? తక్కువ ధరలో మంచిదాన్ని ఎంచుకోవడమెలా?

‘ఏటి మాస్టారూ, బండి పాడైపోనాదేటి?’

గరివిడిలో ఓ విశ్రాంత ఉపాధ్యాయుడు ముప్ఫయ్యేళ్ల తర్వాత సైకిల్ మీద టీ కొట్టు దగ్గర దిగితే ఎదురైన మొదటి ప్రశ్న ఇది. బండి బాగానే ఉంది. బాగాలేనివి ఆయన మోకాళ్లు. షుగరుకు నడవమన్నారు డాక్టరుగారు. నడిస్తే మోకాళ్ల నొప్పి. ‘అయితే సైకిల్ తొక్కండి, బరువంతా సీటు మీద పడుతుంది, మోకాళ్లకు కాస్త తెరిపి’ అన్నారు. మర్నాడే వెళ్లి మాస్టారు సైకిల్ కొనేశారు. లావుపాటి టైర్లు, ముందూ వెనకా స్ప్రింగులు, ఇరవై ఒక్క గేర్లు... చూడ్డానికి అచ్చం మోటారు సైకిలే! పద్నాలుగు వేలు పోశారు. మూడు వారాలు తొక్కారు. నడుం పట్టేసింది, ఆయాసం వచ్చింది. ఇప్పుడా సైకిల్ మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి.

‘ఇంక నా వల్ల కాదు’ అనుకున్నారాయన. నిజానికి తప్పు ఆయన వయసుది కాదు, ఆ సైకిల్ది. అది కొండదారుల కోసం చేసింది. గరివిడి నుంచి చీపురుపల్లికి వెళ్లే తారురోడ్డు కోసం కాదు!

సైకిళ్ల ఊరే ఇది!
గరివిడికి సైకిల్ కొత్త కాదు. ఈ చుట్టుపక్కల 1890ల నుంచే మాంగనీసు తవ్వారు. 1950ల్లో శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వచ్చింది. ఆ తరంలో పనికి వెళ్లాలన్నా, సంతకు వెళ్లాలన్నా, పిల్లను ముందు బారు మీద కూర్చోబెట్టుకుని బడిలో దింపాలన్నా నల్ల సైకిలే దిక్కు. పెళ్లిలో అల్లుడు అలిగేదీ దానికోసమే!

ఆ సైకిళ్ల వెనక పెద్ద కథే ఉంది. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో సైకిల్స్ మొదలయ్యాయి. ఆ తర్వాత మోపెడ్‌లొచ్చాయి, స్కూటర్లొచ్చాయి, వాయిదాల మీద మోటారు సైకిళ్లొచ్చాయి. పెద్దవాళ్ల సైకిల్ మూలపడింది. జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది 2018లో. విచిత్రం ఏంటంటే, 2020లో సరిగ్గా అదే రోజున సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారంలో పని ఆగిపోయింది.

ఏమిటీ హైబ్రిడ్?
ఇప్పుడు మార్కెట్లో ఉన్నవాటిని స్థూలంగా నాలుగు రకాలుగా చెప్పుకోవచ్చు. ఒకటి, మన పాత నల్ల సైకిల్. బస్తా వేసినా బెదరదు. కానీ దాదాపు ఇరవై కిలోల బరువు, గేర్లుండవు. రెండోది, కొండదారుల సైకిల్... ఎమ్‌టీబీ. లావు టైర్లు, స్ప్రింగు ఫోర్కు. మూడోది, వంగి తొక్కే రేసు సైకిల్. సన్నటి టైర్లు, గొర్రె కొమ్ముల్లాంటి హ్యాండిల్. వేగం ఎక్కువే కానీ మన గుంతలకు ఆగదు, మన నడుమూ ఆగదు.

నాలుగోదే హైబ్రిడ్. రేసు సైకిల్ నుంచి పెద్ద చక్రాలను, ఎమ్‌టీబీ నుంచి తిన్నటి హ్యాండిల్‌ని తీసుకుని చేసిన సైకిల్ ఇది. మరీ వంగక్కర్లేదు. టైరు మరీ లావు కాదు, మరీ సన్నం కాదు. బరువు సాధారణంగా పదమూడు నుంచి పదహారు కిలోలు. తారురోడ్డు మీద సాఫీగా పోతుంది, ఊళ్లోకి మళ్లే మట్టిదారినీ తట్టుకుంటుంది. చాలాకాలం తర్వాత మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు ఇది నప్పేది అందుకే.

ధర ఎంత?
సుమారుగా చెప్పాలంటే, గేర్లు లేని హైబ్రిడ్ ఎనిమిది నుంచి పన్నెండు వేలకు దొరుకుతుంది. గేర్లున్నవి పదమూడు నుంచి ఇరవై వేల మధ్య. ఆపైన అల్యూమినియం ఫ్రేము, మెరుగైన బ్రేకులు వస్తాయి. సైకిళ్ల మీద, వాటి విడిభాగాల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. కాబట్టి పాత ధర చీటీ ఉన్న సైకిల్ కనిపిస్తే ఆ సంగతి అడగడానికి మొహమాటపడొద్దు.

బడ్జెట్ వేసుకునేటప్పుడు మరో మాట. హైబ్రిడ్‌లలో చాలావాటికి స్టాండు, మడ్‌గార్డులు, బెల్లు, క్యారియర్ విడిగా కొనాలి. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, తాళం, గాలి పంపు... అన్నీ కలిపితే రెండు మూడు వేలవుతుంది. చేతిలో పదిహేను వేలుంటే పన్నెండు వేల సైకిలే చూసుకోవాలన్నమాట!

గేర్ల లెక్క
‘ఇరవై ఒక్క గేర్లండీ’ అని దుకాణదారు ఊరిస్తాడు. మన దారులకు అన్ని అక్కర్లేదు. ముందు ఒక చక్రం, వెనక ఏడు పళ్లచక్రాలు ఉంటే చాలు. ముందుదానికి 42 పళ్లు, వెనక అన్నిటికన్నా పెద్దదానికి 28 పళ్లు అనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనకచక్రం ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. సైకిల్ మూడుంబావు మీటర్లు కదులుతుంది. ఎదురుగాలికీ, వంతెన ఎక్కడానికీ ఇది హాయి. అదే వెనక 14 పళ్ల చక్రం మీదకు చైను మారిస్తే మూడు చుట్లు. ఒక్క తొక్కుకు ఆరున్నర మీటర్లు! గేర్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, తేలిక గేరు ఎంత తేలికగా ఉందన్నదే మోకాళ్లు అడిగే ప్రశ్న.

ఊళ్లో ఉన్నది అంతా చదునైన దారే అనుకుంటే, రోజూ అయిదారు కిలోమీటర్లే తొక్కుతామనుకుంటే గేర్లు లేనిదీ బాగానే ఉంటుంది. చెడిపోయే సామాను తక్కువ.

కొనేముందు ఇవి చూడండి
కొలత: చొక్కాకు ఉన్నట్టే సైకిల్‌కీ సైజు ఉంటుంది. ఫ్రేముకు అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే పైబారుకూ మీకూ మధ్య ఒకటి రెండంగుళాల ఖాళీ ఉండాలి. సీటు మీద కూర్చుని, కింద ఉన్న పెడల్ మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాపాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి నొప్పి ఖాయం. మాస్టారు చేసిన తప్పుల్లో ఇదీ ఒకటి. చీర, చుడీదార్ కట్టుకునేవారు పైబారు కిందికి వంగి ఉన్న ఫ్రేమూ, చైను కవరూ ఉన్నవి అడగండి.

స్ప్రింగు ఫోర్కు: తక్కువ ధర సైకిళ్లలో ఇది చూపుకే గొప్ప. బరువు పెంచుతుంది, తొక్కిన బలంలో కొంత తనే మింగేస్తుంది. స్ప్రింగు లేని మామూలు ఫోర్కే మేలు. గుంతల కుదుపును తగినంత గాలి ఉన్న టైరే చాలావరకు సర్దుకుంటుంది.

టైరు: దాని పక్కన 700×35, 700×38 అని రాసి ఉంటుంది. ముప్ఫయ్యయిదు నుంచి నలభై వరకూ వెడల్పు మన రోడ్లకు సరిపోతుంది. ఎంత గాలి పట్టాలో కూడా అక్కడే ఉంటుంది.

వాల్వు: చిన్న విషయమే కానీ ఊళ్లో ఇదే పెద్ద విషయం. మోటారు సైకిల్‌కి ఉండే లాంటి వాల్వు ఉంటే ఏ పంక్చరు షాపులోనైనా గాలి కొడతారు. సన్నటి ప్రెస్టా వాల్వు అయితే వేరే పంపు కావాలి. ఈ సైజు ట్యూబు ఊళ్లో దొరకకపోవచ్చు. సైకిల్‌తో పాటే రెండు ట్యూబులు తెచ్చుకోండి.

బ్రేకులు: డిస్కు బ్రేకు అంటే మోజు సహజమే. కానీ చవకరకం డిస్కు కన్నా మంచి రబ్బరు బ్రేకు నయం. మన సైకిల్ మెకానిక్ అయిదు నిమిషాల్లో బిగించేస్తాడు.

బిగింపు: సైకిళ్లు పెట్టెలో విడిభాగాలుగా వస్తాయి, దుకాణంలో బిగిస్తారు. ముందు ఫోర్కు వెనక్కి తిరిగి ఉండటం కొన్నిసార్లు జరుగుతుంది. కాబట్టి హ్యాండిల్ గట్టిగా ఉందా, బ్రేకు పడుతోందా, పెడళ్లు సరిగ్గా బిగిశాయా చూడండి. ఎడమ పెడల్ మర ఎదురు దిశలో ఉంటుంది. బలవంతంగా తిప్పితే పాడవుతుంది. కొత్త తీగలు నెలలోపే కాస్త సాగుతాయి. ఆ ఒక్క సర్వీసు ఎవరు చేస్తారో డబ్బు కట్టేముందే అడగండి. విజయనగరం వెళ్లి కొన్నా, విశాఖపట్నం నుంచి తెప్పించుకున్నా ఇది తప్పనిసరి.

అన్నిటికన్నా ముఖ్యం... పది నిమిషాలు తొక్కి చూడనివ్వని చోట కొనకండి.

నెమ్మదిగా మొదలెట్టండి
మొదటి వారం పావుగంట చాలు. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరు మాట విన్నాకే ఎక్కాలి. విజయనగరం - పాలకొండ రోడ్డు మీద లారీల పక్కన తొక్కే కన్నా పొలాల మధ్య ఊరిదారులు పట్టడం మంచిది. తెల్లవారుజామున అయితే వెనక ఎర్రలైటు వెలగాల్సిందే. నల్లచొక్కా వద్దు.

ఇంతకీ మాస్టారు సంగతి చెప్పలేదు కదూ! ఆ లావు సైకిల్ని మేనల్లుడికి ఇచ్చేశారు. ఈసారి దుకాణానికి టేపు పట్టుకుని వెళ్లారు. స్ప్రింగుల్లేని ఏడుగేర్ల హైబ్రిడ్ ఒకటి కొన్నారు. నాలుగు నెలలైంది. ఇప్పుడు పొద్దున్నే చీపురుపల్లి దాకా వెళ్లి, టీ తాగి వస్తున్నారు. మోకాళ్ల నొప్పి పూర్తిగా పోలేదు కానీ దాని గురించి మాట్లాడటం మాత్రం తగ్గించారు.

మొన్న మళ్లీ ఎవరో అడిగారట... ‘బండి ఇంకా బాగవలేదేటి మాస్టారూ?’ అని.

‘బండికేం బాబూ, బాగానే ఉంది. బాగవుతున్నది నేను’ అన్నారాయన.