పేరడిగిన కవి

ఊరి పేరునకు ముందు రైలుబండి ఆగు చోటే వచ్చి నిలిచిన స్టేషన్ ఘన్‌పూరులో దిగి, దక్షిణముగా పాలకుర్తి త్రోవ పట్టి పోవువానికి, పొలములును గుట్టలును గడచిన పిమ్మట సోమేశ్వరుడు వెలసిన కొండ కానవచ్చును. పోతన ఊరైన బమ్మెర ఆ చేరువనే యున్నది. పోతన నెఱుగని తెలుగువాడుండడు గనుక, ఆతనికి రెండు శతాబ్దములు ముందటివాడును, ఈ పాలకుర్తి కవియునైన పాల్కురికి సోమనాథుని గూర్చియే ఇచట ముచ్చటించెదను.

కావ్యమునకు నాయకుడనగా రాజో రాజకుమారుడో కావలెనని లోకము తలచుచున్న 13వ శతాబ్దమున, సోమనాథుడు శివభక్తుల కథలు గల ఏడాశ్వాసముల బసవపురాణమును, జనులు గొంతెత్తి పాడుకొనదగిన ద్విపదలో, జానుతెనుగులో రచించి, బట్టలుదుకు మడివాలు మాచయ్యను, వేటాడి బ్రదుకు కన్నప్పను, కుండలు చేయువానిని, పసులు కాయువానిని వీరులనుగా నిలువబెట్టెను. 1369లో భీమకవి దానిని కన్నడించుటచే ఆ కథలు కన్నడమునకును చేరినవి.

వారిలో నా మనస్సును విడువనివాడు మాదార చెన్నయ్య. చోళరాజు గుఱ్ఱములకు గడ్డి కోసి మోయుట ఆతని వృత్తి, కులమున మాదిగ, తన శివభక్తిని పొరుగువానికైనను తెలియనీయక, కొడవలి పట్టిన చేతితోడనే లోలోపల పూజ సాగించుచు, ఒకనాడు తనకున్న అంబలిని శివునకు నివేదించెను. ప్రతిదినమును రాజు పెట్టు రాజాన్నము నారగించు శివుడు ఆనాడు దానిని ముట్టలేదు. తన వలన ఏ అపరాధము జరిగెనోయని రాజు విలపింపగా, చెన్నయ్య అంబలితో కడుపు నిండినదని దేవుడే చెప్పవలసివచ్చెను. అంతట రాజు తన గడ్డికోతగానిని వెదకికొనిపోయి పాదములపై పడెను.

బెజ్జ మహాదేవి కథ వేఱొక తీరు. తల్లియే యున్నచో బిడ్డను విషము త్రాగనిచ్చునా, పాములు చుట్టుకొననిచ్చునా, వల్లకాట తిరుగనిచ్చునాయని శివుని తలచుకొని కుమిలిన ఆ యిల్లాలు, తానే తల్లియై నలుగుపెట్టి, నీరుపోసి, పాలుపట్టెను. ఇంటింటను తల్లులు చేయు పనియే అది. అందు సాహసమున్నదని సోమనాథునకుగాక మఱెవ్వరికి తోచును?

పండుగనాడు జనము లేవకముందే గుడిమెట్లూడ్చి, చీపురు మూలబెట్టి, దర్శనమునకు వరుసలో చివర నిలుచు స్త్రీలు మన ఊళ్లలో నేటికిని కలరు. సోమనాథుడే ఆ మెట్లెక్కి వచ్చియుండినచో, పూజారిని పలుకరింపకముందే వారి పేరడిగియుండును.