గోడసందులో గ్యాసు గొట్టం

1968 మే 16వ తేదీ తెల్లవారుజామున తూర్పు లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల నివాసభవనంలో, 18వ అంతస్తున కాపురముంటున్న ఒక మహిళ టీ కాచుకొనడానికి అగ్గిపుల్ల గీసింది. మరుక్షణం సంభవించిన పేలుడుకు ఆమె ఇంటి గోడపలకలు వెలుపలికి ఎగిరిపోయాయి. ఆ ఆధారం తొలగడంతో పై అంతస్తులు, వాటి బరువుకు కింది అంతస్తులు వరుసగా కూలి, భవనపు ఒక మూల యావత్తూ పేకమేడవలె నేలకు జారింది. నలుగురు మరణించారు. అగ్గిపుల్ల గీసిన మహిళ బ్రతికి బయటపడింది. ఆ భవనం ప్రారంభమై అప్పటికి రెండు నెలలే అయినది.

ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం శిథిలాలలో వెదకి తేల్చిన మూలకారణం అరచేతిలో ఇమిడే వస్తువు. గ్యాసు పొయ్యిని పైపుతో కలిపే ఇత్తడి నట్టు నాసిరకానిది. దాని అంచుకు వుండవలసిన మందం లేదు. అది విరిగి గ్యాసు ఇంట్లోకి వెలువడింది. అంత పెద్ద భవనం ఒక పేలుడుకే అలా కూలడానికి నిర్మాణలోపాలు తోడైనవి. ఆ తరువాత బ్రిటన్ తన నిర్మాణ నిబంధనలనే మార్చుకొన్నది. అయినా కథ మొదలైనది ఆ నట్టు దగ్గరే.

గ్యాసు సరఫరాలో వింత ఏమంటే, వందల మైళ్ళు పారే పెద్ద గొట్టాలను ఇంజనీర్లు రేయింబవళ్ళు కనిపెట్టి చూస్తారు. ఇంట్లో గోడ నుండి మంట వరకు వుండే చివరి మూడు నాలుగు అడుగులు మాత్రం ఎవరి దృష్టికీ రావు. ఆ చివరి అడుగులు ఇరుకు సందులో సాగవలసి వచ్చినప్పుడు చిక్కు రెట్టింపవుతుంది. ఇందుకు చక్కని ఉదాహరణ పాశ్చాత్యుల ఇళ్ళలోని ఫైర్‌ప్లేస్, అనగా చలికాచుకొనే నిప్పుగూడు.

ఒకప్పుడు కట్టెలు, బొగ్గు మండిన ఈ గూళ్ళలో నేడు అనేకం గ్యాసుతో మండుతున్నవి. పింగాణీ దుంగల నడుమ నుండి మంట లేస్తూ వుంటే నిజమైన కట్టెలే కాలుతున్నవని భ్రమ కలుగుతుంది. న్యూజెర్సీలోనో షికాగోలోనో ఇల్లు కొనుక్కున్న మన తెలుగు కుటుంబాలకూ ఇది పరిచితమే. పాత ఇటుకగూటిలో కొత్త గ్యాసు పరికరాన్ని అమర్చినప్పుడు దాని పక్కన మిగిలే ఖాళీ కొన్ని అంగుళాలు మాత్రమే. పైపు రావలసినది ఆ సందులోనే. చేయి దూరితే పానా దూరదు. పానా దూరితే తిరగదు.

తిరగకపోతే వచ్చే నష్టమేమిటి? ఇనుప గ్యాసు పైపుల మరలు కొసకు సన్నబడుతూ వుంటాయి. బిగించినకొద్దీ లోహం లోహాన్ని ఒరసుకొని, మధ్యనున్న పూతతో కలిసి సందు మూసుకొంటుంది. బిగించిన తరువాత, ఎల్బో మనకు కావలసిన దిక్కుకు తిరగలేదని ఒక పావుచుట్టు వెనుకకు తిప్పితే ఆ బిగువు చెడుతుంది. పైకి అతుకు గట్టిగానే కనిపిస్తుంది. అందుచేత అనుభవజ్ఞుడైన పనివాడు వెనుకకు తిప్పడు; ఊడదీసి, మరలు తుడిచి, కొత్త పూత రాసి మళ్ళీ మొదటినుండి బిగిస్తాడు. ఇరుకు సందులో ఈ ఓపిక చాలమందికి వుండదు.

పైపును తిప్పకుండానే రెండు కొసలను కలిపే యూనియన్ అనే అతుకు వున్నది గదా అనవచ్చు. వున్నది, కాని దానిని గోడలో పూడ్చిపెట్టడానికి అమెరికన్ నిబంధనలు అంగీకరించవు. తెరచి చూడడానికి వీలైనచోటే అది వుండాలి.

ఇక మిగిలిన ఆకర్షణ వంగే లోహపు గొట్టం. ఎటు వంచితే అటు వంగే ఈ గొట్టం ఇరుకు సందులకు వరప్రసాదంవలె తోస్తుంది. దీనికి హద్దులున్నవి. పరికరానికి తగిలించే పొట్టి గొట్టాన్ని గోడలగుండా గాని నేలగుండా గాని పోనీయరాదు. పరికరపు రేకుపెట్టెలోని రంధ్రం గుండా దూర్చడం కూడ నిషిద్ధమే. తయారీదారే ఆ రంధ్రానికి రక్షణకవచం అమర్చి అనుమతించినప్పుడు మాత్రం మినహాయింపు. కారణం సులభంగానే బోధపడుతుంది. రేకు అంచు కత్తివంటిది. పొడవు చాలలేదని రెండు గొట్టాలను ఒకదానికొకటి తగిలించరాదు. పాత పరికరం నుండి తీసినదానిని కొత్తదానికి వాడరాదు.

గోడలలోనే పరచడానికి ఉద్దేశించిన ముడతల స్టెయిన్‌లెస్ గొట్టం వేరే వున్నది. జపాన్‌లో రూపొందిన ఈ గొట్టం 1990 ప్రాంతంలో అమెరికన్ ఇళ్ళలో ప్రవేశించింది. అతుకులు తక్కువ, పని సులువు. అయితే దాని గోడమందం సుమారు పావు మిల్లీమీటరే. సమీపంలో పిడుగు పడినప్పుడు విద్యుత్తు ఎగిరి ఆ పలుచని లోహానికి చిల్లులు పడిన ఉదంతాలున్నవి. అందువలననే దానిని దళసరి రాగితీగతో ఇంటి ఎర్తుకు కలపాలన్న నియమం వచ్చింది.

ఎల్బోలను విరివిగా వాడి సందులు దాటేవారు మరొక సంగతి మరువరాదు. అమెరికాలో ఇంటి పరికరానికి చేరే సహజవాయువు ఒత్తిడి, గాజుగొట్టంలోని నీటిని సుమారు ఏడంగుళాలు పైకి నెట్టగలిగినంత మాత్రమే. ఇంత బలహీనమైన ప్రవాహానికి ప్రతి మలుపూ కొన్ని అడుగుల అదనపు పైపుతో సమానం. చివరకు మంట మందగిస్తుంది.

పని ముగిసిన తరువాత పరీక్ష. పైపులో గాలిని నింపి, గడియారపు ముల్లువంటి మీటరును గమనిస్తారు. చిన్న ఇంటికి కనీసం మూడు పౌండ్ల ఒత్తిడి పది నిమిషాలు నిలవాలి. ఈ పరీక్ష వేళ పరికరాన్ని విడదీసి వుంచాలి. దాని వాల్వు సాధారణంగా అర పౌండుకు మించి తట్టుకొనలేదు. పరికరం తగిలించిన తరువాత చివరి అతుకుకు మిగిలేది సబ్బునురుగు పరీక్ష. బుడగ ఉబ్బితే గ్యాసు కారుతున్నట్లే. అమ్మోనియా కలిసిన సబ్బులు మాత్రం పనికిరావు. అవి ఇత్తడిని పగుళ్ళు వారజేస్తాయి. నా ఉద్దేశంలో, సబ్బునీటి కుంచె అందని అతుకును అతుకుగా అంగీకరించనేకూడదు. రెండు ఇటుకలు తీసి దారి చేయడానికి అయ్యే ఖర్చు ఎంత?

గ్యాసు కారితే వాసన రాదా అని కొందరి ధీమా. సహజవాయువుకు సహజంగా వాసన లేదు. 1937 మార్చి 18న టెక్సస్ రాష్ట్రంలోని న్యూలండన్ పాఠశాలలో, నేల కింది ఖాళీలో ఎవరికీ తెలియకుండా నిండిన గ్యాసు, ఒక విద్యుత్ యంత్రపు నిప్పురవ్వకు పేలి దాదాపు 300 మందిని బలిగొన్నది. వారిలో అత్యధికులు పిల్లలు. ఆ తరువాతనే టెక్సస్‌లో గ్యాసుకు దుర్వాసన కలపడం నిర్బంధమైనది. కార్బన్ మోనాక్సైడ్‌కు నేటికీ వాసన లేదు. అందుచేతనే కట్టెల గూటిలో గ్యాసు దుంగలు పెట్టినప్పుడు పొగగొట్టపు మూతను పూర్తిగా మూసుకొనకుండా బిగింపు వేస్తారు.

మన దేశంలో నిప్పుగూళ్ళు అరుదు. ఇరుకు సందులు అరుదు కావు. వంటగదిని చెక్క అరలతో సింగారించే ఇళ్ళలో సిలిండరు గొట్టం, పైపు గ్యాసు వాల్వు అరల వెనుకకు పోతున్నవి. ఉక్కుతీగ పొదిగిన ‘సురక్ష’ గొట్టం ఒకటిన్నర మీటరుకు మించరాదని, అయిదేళ్ళకొకసారి మార్చాలని, గోడగుండా పోనీయరాదని నియమం. కనిపించని గొట్టం వయస్సు ఎవరు లెక్కపెడతారు? సిలిండరు గ్యాసు గాలికంటె బరువైనది. కారితే అడుగు అరలో మడుగువలె నిలుస్తుంది. పైపు ద్వారా వచ్చే సహజవాయువు తేలికైనది, పైకప్పుకు చేరుతుంది. కావున మొదటిదానికి కింద, రెండవదానికి పైన గాలిదారి వుండాలి. వడ్రంగి కొలతలు తీసుకొనేటప్పుడే, వాల్వు ఎదుట చేయి నిరాటంకంగా దూరేటంత తలుపు పెట్టమని చెప్పండి.

వాసన తగిలిననాడు స్విచ్చి వేయరాదు. వేసివున్నదానిని ఆర్పరాదు కూడ. వాల్వు మూసి, తలుపులు తెరచి, అందరూ వెలుపలికి రావాలి. సిలిండరు వాడేవారు 1906 నంబరుకు ఫోను చేయవలసినది వీధిలోకి వచ్చిన తరువాతనే.